ఇంటి కంప్యూటర్: అప్‌గ్రేడ్ చేశాక డిస్క్ డ్రైవ్ కనిపించకపోతే



విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో ముగిసింది. విండోస్ 10కు కూడా సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇలా గడువు తీరిన ప్రతిసారీ ఇళ్లలోని పాత కంప్యూటర్లను కొత్త వ్యవస్థకు మార్చుకోవలసి వస్తుంది. మార్చిన తర్వాత తెర కొత్తగా కనిపిస్తుంది, పనులు సాగుతాయి, అందరూ సంతోషిస్తారు. కొన్ని నెలల తర్వాత ఎప్పుడో ఒక పాత సీడీ అవసరమవుతుంది. అప్పుడు చూస్తే డిస్క్ డ్రైవ్ ఉన్న గుర్తే కంప్యూటర్‌లో కనిపించదు. ఇటీవల జమ్మికుంటలోని మా అక్కయ్య ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. ఆ అనుభవమే ఈ నెల మన విషయం.

అక్కయ్య మామగారు జమ్మికుంట పత్తి మార్కెట్‌లో ఏళ్ల తరబడి గుమాస్తాగా పనిచేశారు. మూడేళ్ల క్రితం ఆయన అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. 2009లో తమ చిన్న కూతురి నికాహ్‌ను వీడియో తీయించి డీవీడీలో పెట్టించారు. కూతురిని అత్తవారింటికి సాగనంపేటప్పుడు ఆమె తలపై చేయి ఉంచి ఆయన చేసిన దుఆ అందులో ఉంది. ఆయన కంఠస్వరం ఆ ఇంట్లో మిగిలినది ఆ ఒక్క డిస్క్‌లోనే. ఇన్నేళ్లకు దాన్ని ఒకసారి వినాలని అక్కయ్య అత్తగారికి కోరిక కలిగింది. నేను ఆమెను ఖాలా అని పిలుస్తాను.

డిస్క్ పెడితే కంప్యూటర్ ఉలకలేదు, పలకలేదు. 2020లో పాఠశాలలు మూతపడి ఆన్‌లైన్ తరగతులు మొదలైనప్పుడు, చెల్లెలి చదువు ఆగిపోకూడదని మా మేనల్లుడు ఆ కంప్యూటర్‌ను విండోస్ 7 నుండి విండోస్ 10కి మార్చాడు. అప్పటికి వాడు తొమ్మిదవ తరగతి. ఆ రోజు అందరూ మెచ్చుకున్నారు. ఇప్పుడు అదే పని నేరమైంది. "నీవు ముట్టుకున్నప్పటి నుండే అది చెడింది" అని ఖాలా ఒక మాట అన్నారట. వాడు ఎదురు చెప్పలేదు. తన జేబు డబ్బుతో దుకాణానికి వెళ్లి అడిగితే, డ్రైవ్ పాడైంది, కొత్తది వేయాలి అన్నారు. కొత్తది తెచ్చి బిగించాడు. అదీ కనిపించలేదు. దుకాణదారు మంచితనం కొద్దీ దాన్ని వెనక్కి తీసుకున్నాడు గాని, వాడి మనసులోని బరువు మాత్రం తగ్గలేదు. నాకు ఫోన్ చేసి, "మామూ, ఒకసారి వచ్చి చూస్తారా?" అని మాత్రమే అడిగాడు.

మరుసటి ఆదివారం కాజీపేటలో రైలెక్కి జమ్మికుంటలో దిగాను.

ముందుగా చూడవలసినవి

వాడు చెప్పిన దానిలోనే సగం సమాధానం ఉంది. కొత్త డ్రైవ్ కూడా కనిపించలేదంటే, రెండు డ్రైవ్‌లూ ఒకేసారి చెడి ఉండవు. లోపం మరోచోట ఉంది. అయినా ఊహతో నిర్ణయానికి రాకూడదు కనుక వరుసగా పరీక్షించాము.

మొదటిది, కరెంటు. డ్రైవ్ మీది మీట నొక్కితే తట్ట బయటికి వచ్చింది, దీపం వెలిగింది. అంటే విద్యుత్తు అందుతోంది.

రెండవది, బయోస్. కంప్యూటర్ ఆన్ చేసిన వెంటనే, విండోస్ ఇంకా మేల్కొనక ముందే, డిలీట్ లేదా ఎఫ్2 మీట నొక్కితే (కంపెనీని బట్టి మీట మారుతుంది) ఈ తెర వస్తుంది. అందులో డ్రైవ్ పేరు ఉంటే యంత్రం దాన్ని గుర్తించినట్లే. మాకు అక్కడ పేరు కనిపించింది. మీకు అక్కడ కూడా లేకుంటే, కంప్యూటర్ ఆపి, ప్లగ్గు పీకి, లోపలి సాటా కేబుల్‌ను రెండు వైపులా తీసి గట్టిగా బిగించి చూడండి. అప్పటికీ లేకుంటే కేబుల్ మార్చి చూడాలి. డ్రైవ్ నిజంగానే చెడిందని ఆ తర్వాతే అనాలి.

మూడవది, డివైస్ మేనేజర్. విండోస్ మీట, ఎక్స్ మీట కలిపి నొక్కితే వచ్చే జాబితాలో ఇది ఉంటుంది. అందులో డీవీడీ, సీడీరామ్ డ్రైవ్‌ల శాఖ తెరిస్తే మా డ్రైవ్ పేరు పక్కన పసుపు రంగు హెచ్చరిక గుర్తు ఉంది. పేరు మీద రెండుసార్లు నొక్కితే కోడ్ 39 అని చూపించింది. ఈ డ్రైవ్‌ల విషయంలో 19, 31, 32, 39, 41 అనే కోడ్‌లలో ఏది కనిపించినా అనుమానించవలసిన కారణం దాదాపు ఒకటే. దాన్ని కింద వివరిస్తాను. అంతకు ముందు ఒక సులభ చికిత్స చేసి చూడండి: డ్రైవ్ పేరు మీద కుడి మీట నొక్కి అన్‌ఇన్‌స్టాల్ ఎంచుకుని, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. విండోస్ దాన్ని తిరిగి తానే గుర్తిస్తుంది. చాలా ఇళ్లలో సమస్య ఇక్కడే తీరుతుంది. మాకు తీరలేదు.

అసలు కారణం

మేము తెర ముందు కూర్చుని మాట్లాడుకుంటుంటే ఖాలా పక్కనే తస్బీహ్ పట్టుకుని వింటున్నారు. "ఇంతకూ ఏమైంది, నాకు అర్థమయ్యేలా చెప్పు" అన్నారు. ఆమెకు తెలిసిన మార్కెట్ భాషలోనే చెప్పాను.

"ఖాలా, రైతు పత్తి తెస్తే అది నేరుగా కొన్నవాడి గోదాముకు పోదు కదా. మధ్యలో దడ్వాయి తూకం వేయాలి, చిట్టా రాయాలి. ఒక దడ్వాయి పని మానేసి వెళ్లిపోయాడు. కాని అతని పేరు రిజిస్టర్‌లో అలాగే ఉంది. గేటు దగ్గర మనిషి రిజిస్టర్ చూసి, 'అతను తూచనిదే బండి కదలదు' అంటున్నాడు. అతనేమో రాడు. పాత బండి వచ్చినా ఆగుతుంది, కొత్త బండి వచ్చినా ఆగుతుంది."

"అయితే పేరు కొట్టేయమను" అన్నారు ఖాలా.

పరిష్కారం అదే. పాత రోజుల్లో డ్రైవ్‌తో పాటు సీడీలు రాసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఇచ్చేవారు. అది విండోస్‌కూ డ్రైవ్‌కూ మధ్య తన చిన్న ప్రోగ్రామ్‌ను నిలబెట్టుకునేది. దీన్ని ఫిల్టర్ అంటారు. పై వరుసలో నిలబడితే అప్పర్ ఫిల్టర్, కింది వరుసలో అయితే లోయర్ ఫిల్టర్. అప్‌గ్రేడ్‌లో ఆ పాత సాఫ్ట్‌వేర్ పోవచ్చు, లేదా కొత్త విండోస్‌లో పనిచేయకపోవచ్చు. దాని పేరు మాత్రం విండోస్ రిజిస్ట్రీలో మిగిలిపోతుంది. ఆ పేరు ఒక్క డ్రైవ్‌కు కాదు, డిస్క్ డ్రైవ్‌ల తరగతి మొత్తానికీ వర్తిస్తుంది. అందుకే కొత్త డ్రైవ్ కూడా పనిచేయలేదు. యూఎస్‌బీతో తగిలించే బయటి డ్రైవ్ కొన్నా ఇదే గతి పట్టేది.

పేరు కొట్టివేసే విధానం

ఈ పనిలో జాగ్రత్త అవసరం కనుక మెల్లగా చదవండి. విండోస్ మీట, ఆర్ మీట కలిపి నొక్కి, రెజెడిట్ అని టైపు చేస్తే రిజిస్ట్రీ తెరుచుకుంటుంది. అందులో హెచ్‌కీ లోకల్ మెషీన్, సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, కంట్రోల్, క్లాస్ అనే ఫోల్డర్లను ఒకదాని లోపల ఒకటిగా తెరవాలి. క్లాస్ లోపల పొడవైన సంఖ్యల పేర్లతో అనేక ఫోల్డర్లు ఉంటాయి. వాటిలో 4డి36ఇ965 అని మొదలయ్యేది మనకు కావాలి. దాన్ని ఎంచుకుంటే కుడివైపున క్లాస్ అనే పేరుకు ఎదురుగా సీడీరామ్ అని ఉంటుంది. ఆ మాట కనిపించకపోతే మీరు మరో ఫోల్డర్‌లో ఉన్నట్లే.

ఈ తనిఖీని ఎవరూ విస్మరించకండి. దాని చుట్టుపక్కల ఉన్న ఫోల్డర్ల పేర్లు కూడా ఇలాగే మొదలవుతాయి, చివరి ఒక్క గుర్తే మారుతుంది. 5 బదులు 7 ఉన్నది హార్డ్ డిస్క్‌లది, బి ఉన్నది కీబోర్డుది, ఎఫ్ ఉన్నది మౌస్‌ది. వాటిలోని ఫిల్టర్లు విండోస్‌కు నిజంగా అవసరమైనవి. పొరపాటున వాటిని తొలగిస్తే కీబోర్డు, మౌస్ పనిచేయడం మానేస్తాయి. హార్డ్ డిస్క్ ఫిల్టర్లు తొలగిస్తే కంప్యూటర్ తెరుచుకోకుండానే పోవచ్చు.

సరైన ఫోల్డర్ చేరిన తర్వాత, ఏదీ తొలగించక ముందే ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ నొక్కి ఆ ఫోల్డర్ నకలును డెస్క్‌టాప్ మీద భద్రపరచండి. తేడా వస్తే ఆ నకలు మీద రెండుసార్లు నొక్కితే పాత స్థితి తిరిగి వస్తుంది. ఇక కుడివైపున అప్పర్ ఫిల్టర్స్, లోయర్ ఫిల్టర్స్ అనే పేర్లు ఉంటే వాటిని తొలగించండి. రెండూ ఉండవచ్చు, ఒకటే ఉండవచ్చు. పేరు చివర బ్యాక్ అని ఉన్నదాన్ని ముట్టుకోనవసరం లేదు. తర్వాత రీస్టార్ట్ చేయండి. ఇది ఎవరో చెప్పుకునే చిట్కా కాదు. మైక్రోసాఫ్ట్ తన సహాయ పత్రాల్లో తానే సూచించిన మార్గం. ఆ తర్వాత సీడీలు రాసే పాత సాఫ్ట్‌వేర్ పనిచేయకపోతే, దాని కొత్త రూపాన్ని మళ్లీ వేసుకోవాలి.

మౌస్ పట్టుకున్నది మేనల్లుడే. నేను పక్కన కూర్చుని చదివి చెప్పాను. కంప్యూటర్ మళ్లీ తెరుచుకునేసరికి డ్రైవ్ తన అక్షరంతో సహా ప్రత్యక్షమైంది. అల్‌హమ్దులిల్లాహ్.

డ్రైవ్ కనిపించినా వీడియో రాకపోతే

పని అంతటితో ముగియలేదు. డిస్క్ పెడితే ఫైళ్లు కనిపించాయి గాని వీడియో నడవలేదు. ఇదీ చాలామందిని మోసగించే విషయం. డీవీడీ చూపించే ఏర్పాటు విండోస్ 7లోని చాలా రకాల్లో ఉండేది. విండోస్ 8 నుండి దాన్ని సాధారణంగా ఇవ్వడం మానేశారు. వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్ వేసుకుంటే సరిపోతుంది. ఇంకా పాత వీసీడీలను కూడా అది చూపిస్తుంది.

మరో తేడా గమనించండి. సీడీలు చదవడానికీ డీవీడీలు చదవడానికీ డ్రైవ్ వేర్వేరు లేజర్ కాంతులను వాడుతుంది. సీడీకి 780 నానోమీటర్ల కిరణం, డీవీడీకి 650 నానోమీటర్ల కిరణం. అందువల్ల సీడీలు చక్కగా వస్తూ, ఏ డీవీడీ పెట్టినా రాకపోతే, అది డ్రైవ్ కన్ను అరిగిన లక్షణం కావచ్చు. దానికి విండోస్‌ను నిందించి లాభం లేదు.

మేము వీడియోను చూడటానికి తొందరపడలేదు. పదహారేళ్ల డిస్క్ మళ్లీ తిరుగుతుందో లేదో ఎవరు చెప్పగలరు? ముందు నకలు, తర్వాతే చూడటం అనుకున్నాము. ఫైళ్లు కాపీ అవుతూ మూడవ దాని దగ్గర ఆగిపోయాయి. డిస్క్ తీసి, మంచినీటితో తడిపిన మెత్తని గుడ్డతో మధ్య నుండి అంచుకు తిన్నగా తుడిచి, ఆరబెట్టాము. గుండ్రంగా తుడవకూడదు. అలా పడిన గీత డేటా వరుస వెంటే సాగి ఎక్కువ నష్టం చేస్తుంది. రెండవసారి నెమ్మదిగానైనా అన్నీ వచ్చాయి.

మగ్‌రిబ్ నమాజు తర్వాత అందరం కూర్చున్నాము. రెండు చోట్ల బొమ్మ ముక్కలై కదిలింది. ఆ పెద్దాయన దుఆ చేసిన భాగం మాత్రం చెడలేదు. ఆయన గొంతు వినిపించినంతసేపు ఎవరూ మాట్లాడలేదు. ముగిశాక ఖాలా మనవడిని దగ్గరకు పిలిచి, "తెలియక అన్నాను బేటా, మనసులో పెట్టుకోకు" అన్నారు. వాడు తలవంచుకుని, "లేదు దాదీ, తప్పు కొంత నాదే. మార్చక ముందే నకలు తీసి ఉండవలసింది" అన్నాడు.

వాడు అన్నది నిజమే. అయితే ఆ బాధ్యత తొమ్మిదవ తరగతి పిల్లవాడి ఒక్కడిది కాదు, ఇంటి పెద్దలందరిదీ. మన ఇళ్లలో ఇలాంటి డిస్క్‌లు ఎన్నో అల్మారాల్లో ఉన్నాయి. అవి మన దగ్గర ఉన్న అమానత్‌లు. కంప్యూటర్‌ను కొత్త వ్యవస్థకు మార్చేముందు ఈ నాలుగు పనులు చేయండి.

1. ఇంట్లోని సీడీలు, డీవీడీలన్నిటినీ పాత వ్యవస్థలోనే హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి. రెండవ నకలు బయటి హార్డ్ డిస్క్ లేదా పెన్‌డ్రైవ్‌లో పెట్టి మరో ఇంట్లో ఉంచండి.

2. సీడీలు రాసే పాత సాఫ్ట్‌వేర్‌ను అప్‌గ్రేడ్‌కు ముందే అన్‌ఇన్‌స్టాల్ చేయండి.

3. అప్‌గ్రేడ్ పూర్తయిన రోజే ఒక సీడీ, ఒక డీవీడీ పెట్టి పరీక్షించండి. ఏళ్ల తర్వాత తెలిస్తే కారణం వెతకడం కష్టం.

4. డిస్క్ మీద పేరు రాయడానికి బాల్‌పెన్ వాడకండి. సీడీలో సమాచారపు పొర అచ్చు వేసిన పై భాగానికి అతి దగ్గరగా ఉంటుంది. గీత పడితే అటువైపు నుండే ఎక్కువ ప్రమాదం. మెత్తని మార్కర్ చాలు.

తెలియని లోపానికి ఇంట్లో ఎవరినైనా బాధ్యులను చేసేముందు, ఒకసారి బయోస్ తెర చూడండి.

వచ్చే నెల ఇన్షా అల్లాహ్, ఫోన్ నిండిపోయినప్పుడు ఫొటోలను పోగొట్టుకోకుండా ఖాళీ చేయడం ఎలాగో తెలుసుకుందాం. వస్సలామ్.