పునాదికి దుప్పటి కప్పబోయాను

నాన్న రిటైరైన డబ్బులతో ములకలపల్లిలో ఇల్లు మొదలెట్టాం. శని, ఆదివారాలు నేనే ఇంజినీరుని, నేనే సూపర్‌వైజర్ని. (చదివింది మెకానికల్, చేసేది జావా. సివిల్లో అక్షరమ్ముక్క రాదు.)

డెట్రాయిట్‌లో ఉన్న ఫ్రెండొకడు పునాది చుట్టూ, నీళ్ళ పైపుల చుట్టూ ఫోమ్ షీట్లు పెట్టించమన్నాడు. వాడి తప్పేం లేదు, అక్కడ చలికాలం పైపులో నీళ్ళు గడ్డకట్టి పైపే పగులుతుంది. నేనూ బుద్ధిగా షీట్లు హైదరాబాదు నుంచి మోసుకెళ్ళాను.

మేస్త్రి గోటితో గిల్లి చూసి, "బాబూ, ఇది చెదలకి పరుపు" అన్నాడు.

నవ్వేశా గానీ రాత్రి చదివితే ఆయన మాటే నిజం! చెదలు ఫోమ్ తినవు, కంటికి కనపడకుండా తొలుచుకుంటూ పైకొచ్చేస్తాయి. చెదలెక్కువుండే అమెరికా దక్షిణాదిలో భూమిలోపల ఫోమ్ వాడకం మీద బిల్డింగ్ కోడే ఆంక్షలు పెట్టింది. అడవి పక్క ఊరు మాది. పాతింటి ద్వారబంధం లోపలంతా గుల్లయి, రంగు మాత్రమే మిగిలిన సంగతి నేనెలా మర్చిపోయానో!

నన్నడిగితే, మన దగ్గర పైపు చుట్టూ ఆపాల్సింది చలిని కాదు, చెదల్ని, తడిని. పైపుని నేరుగా కాంక్రీట్లో పాతెయ్యడం అచ్చంగా హార్డ్‌కోడింగే. ప్లింత్ బీమ్ పోసే ముందే పెద్ద సైజు పైపుముక్కని స్లీవ్‌గా పెట్టించి (110 మి.మీ. పైపుకి 160ది), అందులోంచి అసలు పైపు తీసుకురావాలి. ఇల్లు కాస్త సర్దుకున్నా పైపు విరగదు. మధ్య ఖాళీలో మనవాళ్ళు గోనెసంచి ముక్కలు కూరుతారు. చెదలకి పిలిచి భోజనం పెట్టినట్టే! రెండు వైపులా సాగే సీలెంటుతో మూయించండి.

తర్వాత మందు. ఐ.ఎస్. 6313 రెండో భాగం ప్రకారం, పునాది లోపల పైపు మట్టిలోకి దిగే చోట చుట్టూ 150 మి.మీ. మేర, 75 మి.మీ. లోతు మట్టి గుల్ల చేసి మరీ మందు పొయ్యాలి. ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతానిదైతే లీటరు నీళ్ళకి 2.1 మి.లీ. చేతికి గ్లవ్స్ ఉండాలి, బావికీ బోరుకీ దూరంగా పొయ్యాలి. టైల్స్ దగ్గర మూడు షాపులు తిరిగే మనం ఈ పని మాత్రం "వాళ్ళే చూసుకుంటార్లే" అని వదిలేస్తాం. ఫ్లోరింగ్ అయిపోయాక దీన్ని సరిచెయ్యాలంటే టైల్స్‌కి డ్రిల్లు పెట్టాల్సిందే. ఆ ఖర్చు కూడా నాన్న డబ్బుల్లోంచే కదా.

ఫోమ్ షీట్లు పారెయ్యలేదు లెండి. కొత్తగూడెం వైపు మే నెల ఎండ ఎలా ఉంటుందో తెలిసిందేగా. స్లాబు మీద వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక అవి పరిచి, పైన కాంక్రీటు పొర వేయిస్తున్నాం. కొన్నవి సరిపోలేదు, ఇంకో పన్నెండు కావాలి.