శత్రువుకూ అదే బహువచనం
క్లింగాన్ భాషలో మన ‘లు’ లాంటి ప్రత్యయాలు మూడున్నాయి: మాట్లాడగల ప్రాణులకు ‘పు’, శరీర భాగాలకు ‘దు’, మిగతా వాటన్నిటికీ ‘మేయ్’. స్టార్ ట్రెక్ సినిమాల్లోని క్లింగాన్ యోధుల కోసం భాషావేత్త మార్క్ ఒక్రాండ్ అల్లిన ఈ భాషకు 1985లో నిఘంటువు కూడా వచ్చింది. దీని ప్రస్తావన వస్తే చాలు, అందరూ ఆ గొంతు చించుకునే ఉచ్చారణ దగ్గరే ఆగిపోతారు. యుద్ధపిపాసుల భాష అని ముద్ర వేసేస్తారు. నాకు మాత్రం దీని అసలు స్వభావం బహువచనంలోనే కనిపిస్తుంది. మనం ముగ్గురు మనుషులు అంటాం, మూడు కుక్కలు అంటాం. అంటే గీత మనిషి దగ్గర గీశాం. ఒక్రాండ్ ఆ గీతను మాట దగ్గర గీశాడు. నువ్వు ఏ గ్రహంవాడివి, ఏ జాతివాడివి అని ఆ వ్యాకరణం అడగదు. నీకు భాష ఉందా అని మాత్రమే అడుగుతుంది. ఉంటే, నువ్వు బద్ధశత్రువువైనా క్లింగాన్లు తమ సొంత పిల్లలకు చేర్చే ప్రత్యయమే నీకూ చేరుతుంది. ఎస్పరాంటోను చూడండి. ప్రపంచ సౌభ్రాతృత్వం కోరి జామెన్‌హాఫ్ 1887లో ప్రకటించిన ఆ భాషలో మనుషులకూ బల్లలకూ ఒకటే బహువచన ప్రత్యయం. నేర్చుకోవడానికి అది సులువే, కాదనను. కానీ ఎదుటివాడి మాటకు విలువ కట్టిన వ్యాకరణం ఏదంటే, నా ఓటు ఆ కరకు యోధుల భాషకే.