బొజ్జ షావుకారూ, మన వాస్తవికతా

అభ్యుదయ కథలో షావుకారు ఎలా ఉంటాడో పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. బొజ్జ ఉంటుంది, మెడ ఉండదు, నాలుగడుగులు వేస్తే ఆయాసం. పాలేరుకు డొక్కలు లెక్కపెట్టవచ్చు. ఇటువంటి షావుకార్లను నేనూ అరడజను మందిని సృష్టించాను. ఈ వ్యాసం వారిమీద కాదు, వారిని సృష్టించిన నామీదా, నా బోటివారి మీదా.

మా అన్నగారమ్మాయి ఇంటర్మీడియెట్ చదువుతున్నది. ఈ మధ్య నా కథల సంపుటి చదివి, "బాబాయ్, నీ కథల్లో లావుగా ఉన్న మంచివాళ్ళు ఒక్కరూ లేరేం?" అని అడిగింది. అది ప్రతీక అనీ, వర్గస్వభావమనీ ఏదో సౌందర్యశాస్త్రం చెప్పి తప్పించుకున్నాను. ఆ పిల్ల నాలుగు నెలలుగా రాత్రిపూట అన్నం మానేసిందని తర్వాత మా వదిన చెప్పింది. కాలేజీలో దానికో పేరు పెట్టారట. ఇంట్లో పెట్టిన పేరు అంతకంటే పాతది. ఆ పేరు పెట్టింది నేనే.

కరువులు చూసిన దేశంలో బొజ్జ కలిమికి గుర్తు కావటం సహజమే. కాని వాస్తవికత మన సిద్ధాంతమైనప్పుడు వాస్తవం మారితే చూడవద్దా? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ళ స్త్రీలలో 36 శాతం మంది అధిక బరువువారు. అదే సర్వేలో సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత! పాలిష్ పట్టిన బియ్యం కడుపు నింపుతుంది, నెత్తురు పట్టించదు. యజమాని ట్రెడ్‌మిల్లు మీద పరుగెత్తుతున్నాడు. బొజ్జ వచ్చింది అతని గేటు దగ్గర రాత్రంతా కుర్చీలో కూర్చునే వాచ్‌మన్‌కు. "ఆకలి దేశంలో బరువు గురించి రాయటం విలాసం" అనే మిత్రులు ఈ అంకెలు చూడాలి.

ఇక ఆ పిల్ల గోడకు అంటించుకున్న బి.ఎం.ఐ. పట్టిక సంగతి. బెల్జియం గణాంకవేత్త కెత్లే 1830లలో ఈ లెక్క కట్టింది సగటు మనిషిని కొలవటానికి, రోగుల్ని పట్టుకోవటానికి కాదు. దానికి ఈ పేరు పెట్టినవాడు అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్, 1972లో. 1998లో అమెరికాలో అధిక బరువు గీతను 27 పైనుంచి 25కు దించారు. ఒక్క పూటలో రెండు కోట్లకు పైగా జనం లావువాళ్ళయిపోయారు. ఆసియావారికి ప్రమాదం 23 దగ్గరే మొదలవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లో అన్నారు. అది నేను కొట్టివేయను. సన్నగా కనిపించే మనవాళ్ళకు కూడా మధుమేహం వస్తూనే ఉన్నది. అంటే ఆ అంకె డాక్టరు చేసే పరీక్షకు ఆరంభం మాత్రమే. దాన్ని తెచ్చి శీలానికి మార్కులు వేస్తున్నాం!

ఆ కీస్‌దే మరో ప్రయోగం ఉన్నది. 1944–45లో మిన్నసోటాలో 36 మంది యువకుల్ని, వారి ఇష్టం మీదనే, ఆరు నెలలు అర్ధాకలితో ఉంచాడు. దృఢసంకల్పం ఉన్న మనుషులు దిగులు పడ్డారు, చిరాకు పడ్డారు, వంటల పుస్తకాలు పోగుచేసుకున్నారు. ఆ పిల్ల ముఖం వేలాడేసుకుని ఉంటే ఇంటిల్లిపాదీ చెప్పిందేమిటి? "పాజిటివ్‌గా ఉండు" అని! వ్యక్తిత్వ వికాసపు పుస్తకం ఒకటి కొనిచ్చారు కూడా. ఆకలి సాక్ష్యం చెబుతుంటే సాక్షి నోరు మూయటం కాదూ ఇది?

దుఃఖం, కోపం, భయం, జుగుప్స: భరతుడు చెప్పిన ఎనిమిది స్థాయిభావాల్లో సగం ఇవే. వీటిని తీసేయమని ఏ ఆలంకారికుడూ అనలేదు. ఇవి లేకుండా మన ఉద్యమంలో ఒక్క పేజీ రాయబడేదా? కోపాన్ని జబ్బు అనటం యజమానులకు లాభం. మనం ఆ మాట ఇంట్లో పిల్లలకు చెబుతున్నాం. అయితే అన్ని బాధలూ ఒకటి కావు. ఆ పిల్ల మోసిన సిగ్గు దానిది కాదు, నాది, నేను మోయవలసినది. దానికి నామీద వచ్చిన కోపం మాత్రం దాని స్వంతం.

(ఒక్క మాట. 1957 "మాయాబజార్"లో పెళ్ళివిందు తినే ఘటోత్కచుణ్ణి చూసి మనం నవ్వుతాం గాని, అతన్ని చూసి కాదు, అతనితో కలిసి నవ్వుతాం. ఎస్వీ రంగారావుకు తెలిసిన తేడా మన కథకులకు తెలియలేదు.)

ఆ పిల్ల ఇప్పుడు రాత్రిపూట తింటున్నది. నాతో మాత్రం సరిగా మాట్లాడటం లేదు. మాట్లాడించమని మా వదినను నేను అడగలేదు.

సంపుటి రెండో ముద్రణకు వెళ్తున్నది. షావుకార్ల వడ్డీ లెక్కలు ఉంచి, బొజ్జలు కొట్టేశాను. ఒక కథలో బొజ్జ తీసేసరికి షావుకారు దుర్మార్గుడని చెప్పటానికి ఒక్క వాక్యం కూడా మిగలలేదు. ఆ కథ మొత్తం తీసేశాను.