కిరాయి బుల్లెట్, డొల్ల టైల్

మొన్న సంక్రాంతికి మా ఊళ్లో రెండు రోజులు షూటింగ్ జరిగింది. ఫోక్ సాంగ్. హీరో మా చిన్నమ్మ కొడుకు, ఎడిటర్ నేను. ఇంజినీరింగ్‌లో ఫేర్‌వెల్ వీడియోలు చేసీ చేసీ వచ్చిన ఎడిటింగ్ లెండి, పెద్ద గొప్పేం కాదు.

బడ్జెట్ వాడు ఏడాదిగా దాచుకున్న 40 వేలు. పాడినవాళ్లకి కొంత, హీరోయిన్‌గా చేసిన అమ్మాయికి కొంత, డ్రోన్‌కి కొంత. బుల్లెట్ కిరాయి రోజుకు 1,500, పెట్రోల్ మనదే. నల్ల షర్టు, తెల్ల లుంగీ, కూలింగ్ గ్లాసెస్ ఎలాగూ తప్పవు.

వాడి అసలు పని టైల్స్ వేయడం. హైదరాబాద్‌లో, కోకాపేట వైపు అపార్ట్‌మెంట్లలో. నా ఆఫీసు నుంచి పది నిమిషాల దూరం. నాలుగున్నర నిమిషాల పాటలో ఆ పని ఒక్క సెకను కూడా లేదు.

నిజానికి ఉండేది. రెండో రోజు ఒక బంధువుల ఇంటి వరండాలో షాట్ పెట్టాం. కెమెరా ఆన్‌లోనే ఉంది. హీరోయిన్ ఇంకా రెడీ కాలేదు. ఈలోగా మనవాడు గ్లాసెస్ తీసి, లుంగీ ఎగగట్టి, కింద కూర్చుని వేలి కణుపుతో టైల్ మీద టక్ టక్ కొట్టాడు. పక్క టైల్ కొట్టాడు. మళ్లీ మొదటిది.

"అన్నా, ఇది లోపల డొల్లగున్నది. సిమెంట్ సక్కగ నింపలే. ఆర్నెల్లల్ల లేస్తది సూడు."

తొమ్మిది సెకన్ల క్లిప్. బుల్లెట్ మీద చేయి తిప్పుకుంటూ వచ్చిన షాట్‌లో లేని ధీమా అందులో ఉంది. రాత్రి టైమ్‌లైన్‌లో పెట్టి చూపిస్తే, వాడు ఒకటే మాట అన్నాడు. "తీసెయ్ అన్నా. పిల్లనిచ్చెటోళ్లు సూస్తరు."

తీసేశా.

అప్పటినుంచి పాటల వీడియోలు చూస్తే నా కళ్లు ఒకటే వెతుకుతున్నాయి. ఇందులో కుర్రాడు ఏం పని చేస్తాడు?

మీరూ చూడండి. మన యూట్యూబ్ ఫోక్ పాటల్లో ఊరుంటుంది, చేనుంటుంది, ట్రాక్టరుంటుంది. ట్రాక్టర్ మీద డ్యాన్స్ ఉంటుంది, దున్నడం ఉండదు. ఆటో ఉంటుంది, కిరాయి కోసం ఎండలో ఎదురుచూడటం ఉండదు. హీరో షర్టుకి చెమట పట్టదు. మగాడంటే బండి, దోస్తులు, మీసం, అమ్మాయి వెంట తిరిగే ఓపిక. అంత ఖాళీ టైమ్ ఏ కూలి కుర్రాడికి ఉంటుంది చెప్పండి?

2021లో మోహన భోగరాజు పాడిన 'బుల్లెట్టు బండి' గుర్తుంది కదా. బరాత్‌లో ఒక పెళ్లికూతురు ఆ పాటకి డ్యాన్స్ చేశాక ఊరూరా అదే. మంచి పాట, నాకూ ఇష్టం. కానీ ఆన్‌రోడ్ లక్షల్లో పలికే బండి అప్పటినుంచి మా ఊరి కుర్రాళ్లకి కొలబద్ద అయిపోయింది. ఈఎంఐ మీద కొన్నవాళ్లు కొన్నారు, మిగతావాళ్లు రోజు కిరాయికి తెచ్చి ఫొటో దిగారు.

సినిమా పాటలు ఇంకో రకం. అక్కడ పనివాడి ఒళ్లు కావాలి, పని అక్కర్లేదు. 'దసరా'లోని 'ధూం ధాం దోస్తాన్' చూడండి. మొహాల నిండా బొగ్గు మసి, గుంపు, మందు, ఊపు. మసి మాత్రం డ్యూటీది కాదు, గెటప్‌ది. పాట మార్మోగిపోతుంది, నేనూ ఊగాను. షిఫ్ట్ దిగి ఇంటికొచ్చి నడుం వాల్చే మనిషి మాత్రం కనిపించడు.

వేరేలా తీయొచ్చా? తీశారు. ముంబైలో కుర్లా కుర్రాడు నేజీ 2014లో 'ఆఫత్' అనే ర్యాప్ వీడియోని ఐప్యాడ్‌తో షూట్ చేసుకున్నాడు. వెనకాల సెట్టింగ్ లేదు, వాడి గల్లీనే. మరుసటి ఏడాది డివైన్‌తో కలిసి 'మేరే గల్లీ మే'. వాళ్లిద్దరి బతుకుల నుంచే 2019లో 'గల్లీ బాయ్' పుట్టింది. 2021లో వచ్చిన తమిళ 'ఎంజాయ్ ఎంజామీ' అయితే ఇంకో మెట్టు. శ్రీలంక తేయాకు తోటల్లో పనిచేసి వచ్చిన తన అవ్వల తరం కథని అరివు అందులో పెట్టాడు. పని పేరు చెబితే పాట ఆడదు అన్న మాట అక్కడితో చెల్లిపోయింది.

మన దగ్గర 'రాను బొంబాయికి రాను' ఉంది. అబ్బాయి బొంబాయి రమ్మని బతిమాలతాడు, అమ్మాయి రానంటుంది. మీకది రీల్స్ పాట. మా పాలమూరోళ్లకి ఇంకో మాట వినిపిస్తుంది. మా దిక్కు బొంబాయి పోవడమంటే గేట్‌వే ఆఫ్ ఇండియా చూడటం కాదు, పిల్లల్ని అవ్వ దగ్గర వదిలి సెంట్రింగ్ పనికి పోవడం. ఆ 'రాను' వెనకాల అదంతా ఉంది. వీడియోలో ఎంత ఉంది అన్నది వేరే లెక్క.

ఇదంతా మా తమ్ముడికి చెప్పాను, కొంచెం గట్టిగానే. వాడు విన్నాడు. విని అరచేతులు చూపించాడు. సిమెంట్ తిని వేళ్ల కొసలు నున్నగా అయిపోయాయి. రేషన్ షాపు మిషన్‌లో వేలిముద్ర పడదు, కంటితో తీసుకోవాల్సిందే.

"మొన్నటి సంబంధం గివి సూసే పోయింది అన్నా. పాటల గూడ గివే సూపియ్యాల్నా?"

నా దగ్గర జవాబు లేదు. మూడు సంబంధాలు వచ్చాయి వాడికి. నెలకి నాకు తెలిసిన చాలామంది ఫ్రెషర్ల కంటే ఎక్కువే సంపాదిస్తాడు. అయినా ముగ్గురూ అడిగింది ఒకటే: జాబ్ ఉందా? 1991లో 'కూలీ నెం.1'లో వెంకటేష్‌ని కూడా కోటీశ్వరుడని చెప్పే కదా పెళ్లి చూపులకి తీసుకెళ్లింది. కూలీని కూలీగా చూపిస్తే పిల్లనివ్వరని అప్పటి సినిమాకే తెలుసు. అలాంటప్పుడు కిరాయి బుల్లెట్ ఎక్కినందుకు వాడినొక్కడినే తప్పుపట్టడం ఏం న్యాయం?

ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను. మా నాన్న బొంబాయిలో పదమూడేళ్లు సెంట్రింగ్ పని చేశారు. నా ఫీజులు అక్కడి నుంచే వచ్చాయి. ఆఫీసులో ఎవరైనా అడిగితే "కన్‌స్ట్రక్షన్ ఫీల్డ్" అంటాను. అవతలివాళ్లు బిల్డర్ అనుకుంటారు. అనుకోనిస్తాను. నాది ఏ బుల్లెట్ మరి? ఆ తొమ్మిది సెకన్లు తీసెయ్యమన్నది వాడే, కానీ డిలీట్ నొక్కేటప్పుడు నా చేయి పెద్దగా తటపటాయించలేదు.

పాటకి ఇప్పటికి 11 వేల వ్యూస్. కామెంట్లలో ఎక్కువ భాగం "బండి కేక బ్రో". వాడి గురించి రాస్తానంటే, "పేరొద్దు" అన్నాడు. ఆ క్లిప్ హార్డ్ డిస్క్‌లో ఇంకా ఉందని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

"ఉండనీ అన్నా. పెండ్లయినంక పెడదాం."

అన్నట్టు, సంక్రాంతి పోయి ఆర్నెల్లయింది. ఆ వరండాలో టైల్ లేచింది. మా బంధువు ఫోన్ చేసి అడిగాడు, "మీ తమ్ముడు ఎప్పుడొస్తడు?"