దెయ్యం వల్ల లాభమెవరికి?

1964లో రాజ్ ఖోస్లా హిందీలో తీసిన ‘వో కౌన్ థీ?’ చిత్రాన్ని మదన్ మోహన్ సంగీతం కోసం నేటికీ తలచుకునేవారున్నారు. ఆ కథనే 1966లో బి.ఎస్. నారాయణ ‘ఆమె ఎవరు?’ అన్న పేరుతో తెలుగులో రూపొందించారు. జగ్గయ్య, జయలలిత నటించిన ఆ చిత్రం పేరైనా నేటి విద్యార్థులలో చాలామంది విని ఉండరు. అది మరుగున పడదగినది కాదని మా అభిప్రాయం.

వాన కురుస్తున్న రాత్రి తెల్లచీర కట్టిన స్త్రీ ఒక వైద్యుని కారెక్కి, శ్మశానం వద్ద దిగిపోతుంది. తరువాత ఆయన పెళ్లాడిన వధువుకూ అదే ముఖం! చివరకు తేలేదేమిటి? మతిస్థిమితం ఉంటేనే ఆస్తి దక్కుతుందన్న వీలునామా. ఆయనను పిచ్చివానిగా చేసి ఆస్తి కాజేయాలన్న బంధువు పన్నాగం. ఆ దెయ్యం పుట్టిన చోటు దస్తావేజు.

కథలో లోపం లేకపోలేదు. కవల సోదరి యుక్తితో చిక్కుముడి మరీ సులువుగా వీడిపోతుంది. అయినా అది నేర్పే ప్రశ్న విలువైనది: ఈ భయం వల్ల లాభమెవరికి?

పాత కోటలే దెయ్యాలకు నివాసమంటారు. మన గద్వాల కోటలో డిగ్రీ కళాశాల వెలసింది. వనపర్తి రాజప్రాసాదంలో 1959లో పాలిటెక్నిక్ వెలసింది. కోటలలో చదువు ప్రవేశించినా మనసులలో భయం తొలగలేదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెలలో ఒక ఆడపిల్ల నిద్రాహారాలు మాని మౌనంగా కూర్చుంటే తెలుగులో ‘గాలి సోకింది’ అంటారు, ఉర్దూలో ‘ఆసేబ్’ అంటారు. దిక్కులేని వితంతువుపై బాణామతి నింద మోపేవారూ ఉన్నారు. ఆమె పొలం ఎవరి పాలవుతుందని మాత్రం ఎవరూ అడగరు.

మానసిక వ్యాధి ఉన్నంత మాత్రాన, న్యాయస్థానం ప్రకటించనిదే, ఎవరినీ మతిలేనివారుగా ఎంచరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతున్నది. ప్రార్థన మనశ్శాంతినిస్తుంది, కాదనము. వైద్యుని వద్దకు పోవడం ప్రార్థనకు విరుద్ధం కాదు.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి: ఈ చిత్రాన్ని, తెలుగు ప్రతి లభించకపోతే హిందీ చిత్రాన్నైనా, ఒకనాడు ప్రదర్శింపజేసి, అనంతరం ఒక మానసిక వైద్యునిచేత ప్రసంగింపజేయండి. విద్యార్థి సోదర సోదరీమణులారా! ఎవరికైనా గాలి సోకిందని విన్నప్పుడు ముందుగా ఆమె పక్కన కూర్చుని ఆమె మాట వినండి. అవసరమైతే ప్రభుత్వ ‘టెలి మానస్’ సేవకు, 14416కు, ఫోన్ చేయండి. భూతవైద్యుని పిలిచే ముందు ఈపాటి పని చేయగలిగితే మన చదువు సార్థకమైనట్లే.