ఓవర్‌క్లాక్ నిలవడం లేదా? వోల్టేజీ జోలికి వెళ్లొద్దు!

రెండు మూడేళ్లుగా ఓవర్‌క్లాక్ చేసిన వేగంతో చక్కగా నడిచిన సిస్టమ్ ఉన్నట్టుండి మొరాయిస్తుంది. సెట్టింగులేవీ మార్చలేదు, కొత్త పార్టులేవీ వేయలేదు. అయినా గేమ్ మొదలుపెట్టిన పది నిమిషాలకే బ్లూ స్క్రీన్, లేదంటే దానంతటదే రీస్టార్ట్! ఇలాంటప్పుడు చాలామంది వెంటనే బయోస్‌లోకి వెళ్లి ప్రాసెసర్ వోల్టేజీని మరికాస్త పెంచుతారు. నాలుగు రోజులు బాగానే ఉంటుంది. తర్వాత మళ్లీ మామూలే. అసలు చేయకూడని పని అదే.

ప్రాసెసర్‌ని కంపెనీ నిర్ణయించిన వేగం కన్నా ఎక్కువ వేగంతో నడపడమే ఓవర్‌క్లాకింగ్. ఉదాహరణకు, 2011లో వచ్చిన ఇంటెల్ కోర్ ఐ5-2500కె ప్రాసెసర్‌నే తీసుకోండి. దీని మూల వేగం 3.3 గిగాహెర్ట్జ్. 100 మెగాహెర్ట్జ్ క్లాక్‌ని 33 అనే మల్టిప్లయర్‌తో హెచ్చిస్తే వచ్చే అంకె ఇది. ఆ 33ని 45 చేస్తే వేగం 4.5 గిగాహెర్ట్జ్ అవుతుంది. అయితే అంత వేగం నిలవాలంటే వోల్టేజీ కూడా పెంచాలి. చిక్కంతా అక్కడే ఉంది. వేగం ఎంత పెరిగితే కరెంటు వాడకం అంత పెరుగుతుంది. వోల్టేజీ విషయంలో మాత్రం దాని వర్గం లెక్కన పెరుగుతుంది. 1.20 వోల్టులు 1.35 అయ్యి, వేగం 4.5 అయితే ప్రాసెసర్ వాడే కరెంటు సుమారు 70 శాతం ఎక్కువవుతుంది. అదంతా వేడిగా బయటికి రావలసిందే!

ముందు ఫైళ్లు భద్రం

ఓవర్‌క్లాక్ నిలవని ప్రాసెసర్ ప్రతిసారీ హ్యాంగ్ అయ్యి మనల్ని హెచ్చరించదు. ఒక్కోసారి లెక్క తప్పు చేసి ఊరుకుంటుంది. కాపీ చేసిన ఫొటో తెరుచుకోదు, జిప్ ఫైల్ పాడైందంటుంది, చివరికి విండోసే లోడ్ అవదు. ఇంట్లో అందరి ఫొటోలు, పిల్లల ప్రాజెక్టులు ఒకే కంప్యూటర్‌లో ఉంటే నష్టం గేమ్‌తో పోదు. అందుకే ముందు ముఖ్యమైన ఫైళ్లన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. తర్వాత బయోస్ సెట్టింగులను ఫోన్‌తో ఫొటో తీసుకుని, ‘లోడ్ డిఫాల్ట్స్’ ఎంచుకుని, రెండు మూడు రోజులు మామూలు వేగంతో వాడి చూడండి. అప్పుడు కూడా హ్యాంగ్ అవుతుంటే తప్పు ఓవర్‌క్లాక్‌ది కాదు. మెమరీనో, ఎస్ఎంపీఎస్‌నో, మదర్‌బోర్డునో అనుమానించాలి.

దుమ్ము, వేడి

మామూలు వేగంతో బాగుండి, వేగం పెంచితేనే ఇబ్బంది వస్తుంటే మొదట వేడి సంగతి చూడండి. హెచ్‌డబ్ల్యూమానిటర్ వంటి ఉచిత ప్రోగ్రామ్‌తో ఉష్ణోగ్రత తెలుస్తుంది. బరువైన పని చేసేటప్పుడు 80 డిగ్రీలలోపు ఉంటే నయం. 90 దాటుతుంటే అక్కడితో ఆపేయండి. హీట్ సింక్ రేకుల మధ్య దుమ్ము పేరుకుంటే గాలి ఆడదు. సిస్టమ్ ఆఫ్ చేసి, ప్లగ్ తీసి, ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకుని దుమ్ము ఊదించండి. హీట్ సింక్ కింద ఉండే థర్మల్ పేస్ట్ కొన్నేళ్లకు ఎండిపోతుంది. పాతది పూర్తిగా తుడిచి, శెనగగింజంత కొత్తది వేస్తే చాలు. ఇంటెల్ బాక్సుతో వచ్చే కూలర్‌కి ఉండే నాలుగు ప్లాస్టిక్ పిన్నుల్లో ఒకటి వదులైనా వేడి పెరుగుతుంది.

మన ఎండల సంగతీ మరచిపోవద్దు. కూలర్ ప్రాసెసర్‌ని గది ఉష్ణోగ్రత కన్నా చల్లబరచలేదు. జనవరిలో 25 డిగ్రీలున్న గది మే నెలలో 38కి చేరితే, ప్రాసెసర్ వేడి కూడా దాదాపు 13 డిగ్రీలు పెరుగుతుంది. చలికాలంలో కుదిరిన ఓవర్‌క్లాక్ వేసవిలో చతికిలపడేది అందుకే.

కరెంటు, మెమరీ

తర్వాత చూడాల్సింది ఎస్ఎంపీఎస్. అది పాతబడేకొద్దీ కెపాసిటర్లు బలహీనపడతాయి. 12 వోల్టుల లైను 11.4కీ 12.6కీ మధ్య ఉండాలి. గేమ్ ఆడేటప్పుడు అంతకన్నా దిగజారితే ఎస్ఎంపీఎస్ మార్చాల్సిందే. మదర్‌బోర్డు మీద కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నాయేమో కూడా చూడండి. మెమరీని మెమ్‌టెస్ట్86తో ఒక రాత్రంతా పరీక్షించండి. ఒక్క తప్పు చూపించినా వదిలేయకూడదు. ఇక హ్యాంగ్ అవకుండా వేగం మాత్రమే పాత అంకెకు వచ్చేస్తుంటే, సీమోస్ బ్యాటరీ అయిపోయి బయోస్ సెట్టింగులు చెరిగిపోతున్నాయేమో! సీఆర్2032 అని అడిగితే షాపుల్లో దొరుకుతుంది.

చిప్‌కీ వయసొస్తుంది

ఇవన్నీ బాగున్నా ఓవర్‌క్లాక్ నిలవకపోతే ప్రాసెసరే అరిగిందని అర్థం. ఎక్కువ కరెంటు, వేడి కలిసి చిప్ లోపలి సన్నని తీగల్లోని లోహపు అణువులను మెల్లగా జరుపుతాయి. దీన్నే ఎలక్ట్రోమైగ్రేషన్ అంటారు. ట్రాన్సిస్టర్లు కూడా మందగిస్తాయి. దాంతో పాత వేగానికే ఇదివరకటి కన్నా ఎక్కువ వోల్టేజీ కావాల్సి వస్తుంది. అది ఇస్తే అరుగుదల మరింత జోరందుకుంటుంది!

ఇదేదో ఊరికే భయపెట్టడానికి చెప్పేది కాదు. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని, ఓవర్‌క్లాక్ చేయకపోయినా తరచూ క్రాష్ అవుతుండటంతో కంపెనీ 2024లో కారణం వెతికింది. అవసరానికి మించిన వోల్టేజీ అందడమే మూలమని తేల్చి, బయోస్ అప్‌డేట్లు ఇచ్చింది, వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. అయితే అప్పటికే దెబ్బతిన్న చిప్‌ని ఏ అప్‌డేటూ బాగుచేయదు. ఆ ప్రాసెసర్లు వాడుతున్నవారు ఆ అప్‌డేట్ వేసుకున్నారో లేదో ఒకసారి చూసుకోండి.

మరేం చేయాలి? మల్టిప్లయర్‌ని ఒక్కొక్క మెట్టే దించండి. 45 నిలవకపోతే 44, అదీ కాకపోతే 43. ప్రతి మెట్టు దగ్గరా ప్రైమ్95ని కొన్ని గంటలు నడపండి. తప్పులు రాకపోతే అక్కడ ఆగండి. 4.5 నుంచి 4.3 గిగాహెర్ట్జ్‌కి దిగితే పోయేది 5 శాతం లోపే. స్టాప్‌వాచ్ పెట్టి కొలిస్తే తప్ప ఆ తేడా తెలియదు. కంప్యూటర్ మాత్రం మరికొన్నేళ్లు మన్నుతుంది, అందులోని ఫైళ్లూ భద్రంగా ఉంటాయి.