ఎవరిని ముందు చూడాలి?

ఢిల్లీలో కరోల్ బాగ్ పక్కనే, ఓల్డ్ రాజేందర్ నగర్‌లో సివిల్స్‌కు చదివే తెలుగు పిల్లలు చాలామంది ఉంటారు. అర్ధరాత్రి కడుపునొప్పితో మెలికలు తిరిగే స్నేహితుణ్ణి ఆటో ఎక్కించాక ప్రశ్న ఒకటే: ఎటు పోనివ్వాలి? పూసా రోడ్డులో 1959 నాటి బి.ఎల్. కపూర్ ఆసుపత్రి ఉంది. దగ్గర్లోనే, 1954 నుంచి నడుస్తున్న సర్ గంగారాం. కాస్త అవతల ప్రభుత్వానిది, రామ్ మనోహర్ లోహియా.

ఎక్కడ తొందరగా చూస్తారు? ప్రశ్న సహజమే, కొలతతోనే తిరకాసు. ఎమర్జెన్సీలో వరుస ముందొచ్చినవాళ్లది కాదు, ముప్పు ఎక్కువున్నవాళ్లది. ఢిల్లీ ఎయిమ్స్ పద్ధతిలో దానికి మూడు రంగులు: ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. తెగిన వేలికి చేతిరుమాలు చుట్టుకుని ఒకాయన రెండు గంటలుగా కూర్చునే ఉంటాడు; ఇప్పుడే వచ్చిన గుండెనొప్పి మనిషి స్ట్రెచర్ మీద నేరుగా లోపలికి. రుమాలు ఎర్రబడుతున్న ఆయనకు మండదా మరి!

గుండెనొప్పి అయితే 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలి. పెద్ద పోటు అని తేలితే, ఆసుపత్రి గుమ్మం దాటిన 90 నిమిషాల్లో మూసుకున్న రక్తనాళాన్ని బెలూన్‌తో తెరవాలన్నది వైద్యుల లక్ష్యం. అసలు నాణ్యత తెలిసేది ఇలాంటి లెక్కల్లోనే. ఇంగ్లండ్‌లో 4 గంటల గడువులోపు ఎందరిని చూసి చేర్చుకున్నారో, పంపారో నెలనెలా ప్రకటిస్తారు. ఇక్కడి జనం చూసేది ఫోన్‌లో రేటింగ్ నక్షత్రాలు. వాటిలో పార్కింగ్ మీది కోపమూ కలిసే ఉంటుంది.

ఏ ఆసుపత్రికి చేరినా, పోలీసు లాంఛనాల కోసం ఆగకుండా గాయపడ్డవారి ప్రాణం కాపాడాలని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు కథ లోపలి పేజీల్లో. నొప్పి ఎన్నింటికి మొదలైందో, ఏ మందులు వాడుతున్నారో హిందీలో చెప్పే వాక్యాలు చివరి పేజీలో.